కాగితం మీద నడిచే ప్రోగ్రాము

కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, సీ నేర్చుకోవాలా, పైథానా, జావానా?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "ఎన్ని నెలల్లో వస్తుంది?" ఈ తొందర అర్థం చేసుకోదగినదే. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు కొన్ని గంటల ప్రయాణం. ఉద్యోగాలు అక్కడున్నాయి, ఇంట్లో వాళ్లు ఎదురుచూస్తున్నారు. కానీ మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు వాళ్ల చదువును పెద్దగా మార్చదు. కొత్తవారు ఆగిపోయేది భాష దగ్గర కాదు. ఒక్కో వాక్యం నడిచినప్పుడు యంత్రం లోపల ఏ విలువ ఎక్కడ మారిందో మనసులో చూడలేకపోవడం దగ్గర ఆగిపోతారు. ఆ చూపు వచ్చినవారికి రెండో భాష కొన్ని వారాల పని. రానివారు ఎన్ని భాషలు మార్చినా మూడో అధ్యాయం దగ్గరే నిలబడతారు.

భాష సంగతి ముందే తేల్చేద్దాం. సీ భాషను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ తయారుచేశారు. నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1991లో పైథాన్‌ను విడుదల చేశారు. సీలో ప్రతి విలువ ఏ రకానిదో ముందే ప్రకటించాలి, మెమరీ (విలువలు దాచుకునే చోటు) బాధ్యత కూడా చాలావరకు మనదే. పైథాన్ ఆ బరువును తానే మోస్తుంది. అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది చాలాకాలంగా సీ చెబుతున్నారు. అక్కడ చేరినవారు సీతోనే మొదలుపెట్టాలి, మధ్యలో మార్చకూడదు. సొంతంగా ఇంట్లో నేర్చుకునేవారికి పైథాన్ సులువు. ఈ విషయం మీద ఇంతకంటే ఎక్కువసేపు ఆలోచించడం కాలయాపన అని నా అభిప్రాయం.

పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిని ఇంకో భయం పట్టుకుంటుంది: ఇంగ్లీషు రాకపోతే ప్రోగ్రామింగ్ ఎలా వస్తుందని. పైథాన్‌లో భాష తనకోసం కేటాయించుకున్న పదాలు 35. సీ తొలి ప్రామాణిక రూపంలో ఉన్నవి 32. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్ వంటి ఈ కొద్ది మాటలను గుర్తుపట్టగలిగితే చాలు, వాటితో ఇంగ్లీషు వ్యాసం రాయనక్కర్లేదు. విలువలకు పెట్టుకునే పేర్లు మన ఇష్టం. పైథాన్ 3లో ఆ పేర్లు తెలుగు లిపిలోనే రాయవచ్చు, యంత్రం అభ్యంతరం చెప్పదు. ఉద్యోగంలో పదిమందితో కలిసి పనిచేసేటప్పుడు ఇంగ్లీషు పేర్లే వాడతారు, అది వేరే సంగతి. నేర్చుకునే రోజుల్లో ఆలోచన తెలుగులో సాగితే నష్టం లేదు. అందుకే కింద నేను రాసే వాక్యాలు తెలుగులోనే ఉంటాయి. వాటిని పైథాన్‌లో ఉన్నవి ఉన్నట్టుగా కొట్టి చూడవచ్చు.

కర్నూలు మార్కెట్ యార్డుకు ఒక రైతు ఉల్లిగడ్డలు తెచ్చాడనుకుందాం. మూడు బస్తాలు కాటా వేశారు. వాటి బరువులు వరుసగా 52, 48, 51 కిలోలు.

మొత్తం = 0
మొత్తం = మొత్తం + 52
మొత్తం = మొత్తం + 48
మొత్తం = మొత్తం + 51

లెక్కల్లో చురుకైన విద్యార్థులే ఇక్కడ ఎక్కువగా తడబడతారు. వాళ్ల తప్పు లేదు. ఏళ్లపాటు బీజగణితంలో '=' గుర్తును చూసి, అటూ ఇటూ ఉన్నవి సమానమని నేర్చుకున్నారు. ఆ లెక్కన రెండో వాక్యం అసంబద్ధం: ఏ సంఖ్యా తనకు 52 కలిపితే తనకే సమానం కాదు. ప్రోగ్రాములో ఆ గుర్తు ఒక పని చేయమని చెబుతుంది. ముందు కుడివైపు ఉన్నది లెక్కకట్టు, వచ్చిన జవాబును ఎడమవైపు పేరు కింద పెట్టు. పలక మీద పాత అంకెను చెరిపి కొత్తది రాసినట్టు, మునుపటి విలువ పోతుంది. 0 పోయి 52 వస్తుంది, అది పోయి 100, చివరికి 151. ఒక క్షణంలో ఒక పేరుకు ఒకే విలువ. దాని గతం యంత్రానికి గుర్తుండదు.

ఈ విషయం అర్థమైందని అందరూ తల ఊపుతారు. నిజంగా అర్థమైందో లేదో ఈ నాలుగు వాక్యాలు తేలుస్తాయి:

ధర = 1200
క్వింటాళ్లు = 3
రాబడి = ధర * క్వింటాళ్లు
ధర = 1400

చివర్లో రాబడి ఎంత? చాలామంది 4200 అంటారు. ధర పెరిగింది కాబట్టి రాబడి పెరగాలి కదా అనేది వాళ్ల తర్కం. ఎక్సెల్ పట్టికల్లో పనిచేసినవారు మరింత ధీమాగా చెబుతారు, ఎందుకంటే అక్కడ ఒక గడి మారితే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారతాయి. ప్రోగ్రాములో అలా జరగదు. మూడో వాక్యం నడిచిన క్షణంలో ధర 1200, కాబట్టి రాబడి 3600 అయింది. ఆ వాక్యం పని అక్కడితో ముగిసింది. నాలుగో వాక్యం ధరను మార్చింది, రాబడి జోలికి పోలేదు. కొత్త రాబడి కావాలంటే గుణకారాన్ని మళ్లీ చేయమని మనమే చెప్పాలి. ఈ ఒక్కటి మనసుకు పట్టడానికి ఒక వారం పట్టినా ఫరవాలేదు. తర్వాత వచ్చే సగం చిక్కుల మూలం ఇక్కడే ఉంది.

మనసుకు పట్టించే మార్గం పాతదే, ఖర్చు లేనిదే. కాగితం మీద నిలువు గడులు గీసి, ప్రతి గడి పైన ఒక పేరు రాయాలి. ప్రోగ్రామును వేలితో ఒక్కో వాక్యం చొప్పున చదువుతూ, విలువ మారినప్పుడల్లా ఆ గడిలో పాతది కొట్టేసి కొత్తది రాయాలి. మన కళాశాలల్లో దీన్ని డ్రై రన్ అంటారు, చెప్పిన మొదటి వారం తర్వాత మరిచిపోతారు. నిజానికి ప్రోగ్రామింగ్ చరిత్ర మొదలైందే అలాంటి పట్టికతో. ఇంగ్లండు గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ ఊహించిన అనలిటికల్ ఇంజన్ అనే లెక్కల యంత్రం గురించిన ఒక వ్యాసాన్ని అనువదిస్తూ, ఏడా లవ్‌లేస్ 1843లో తన సొంత వివరణలు జోడించారు. వాటిలో బెర్నూలీ సంఖ్యలు అనే గణిత వరుసను ఆ యంత్రం ఎలా లెక్కించగలదో చూపే పెద్ద పట్టిక ఉంది. ఏ మెట్టులో ఏ లెక్క జరుగుతుంది, దాని వల్ల ఏ విలువ మారుతుంది అన్నది వరుసగా రాసి ఉంది. తొలి ప్రోగ్రాముగా చాలామంది చెప్పుకునేది దాన్నే. ఆ యంత్రం పూర్తిగా ఎన్నడూ తయారు కాలేదు. నడిపి చూసే అవకాశమే లేదు కనుక ఆమె దాన్ని కాగితం మీదే నడిపారు. ఆ పట్టిక నాలుగో మెట్టులో భాగహారం తలకిందులుగా అచ్చయింది కూడా. దాన్ని పట్టుకోగలిగేది మళ్లీ కాగితం మీద మెట్టుమెట్టూ నడిచి చూసినవారే.

కంప్యూటర్ లేని ఇంట్లో, కరెంటు పోయిన సాయంత్రం కూడా ఈ సాధన సాగుతుంది. జిల్లాల్లో చదువుకునే పిల్లల విషయంలో ఇది చిన్న మాట కాదు.

ఇప్పుడు బస్తాల బరువులను మనమే రాసిపెట్టకుండా, వాడేవారిని అడిగి తీసుకుందాం. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది. ఒకరు 52 కొట్టారు, తర్వాత 48 కొట్టారు, రెండూ కలపమన్నాం. తెర మీద 5248 వచ్చింది. రెండు బస్తాలు అయిదు వేల కిలోలు దాటాయి! కీబోర్డు నుంచి వచ్చినదాన్ని పైథాన్ అంకెగా కాక అక్షరాల వరుసగా తీసుకుంటుంది. అక్షరాల వరుసలను కలపడమంటే ఒకదాని పక్కన ఒకటి అతికించడమే. పూర్ణసంఖ్యగా మార్చమని విడిగా చెప్పాలి. 52 అనే అంకె, '52' అనే రాత మన కంటికి ఒకటే. యంత్రానికి అవి రెండు వేర్వేరు రకాలు. సీలో ఈ రకాల పట్టింపు మరోలా బయటపడుతుంది. మూడు బస్తాల సగటు కోసం 151ని 3తో భాగించమంటే, రెండూ పూర్ణసంఖ్యలైతే సీ 50 అని చెప్పి మిగతాది వదిలేస్తుంది. పైథాన్ 3 మాత్రం 50.33 చిల్లర అని చూపిస్తుంది. దశాంశాల దగ్గర ఇంకో ఆశ్చర్యం ఉంది: పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. యంత్రం సంఖ్యలను రెండు మీద ఆధారపడిన పద్ధతిలో దాచుకుంటుంది, ఆ పద్ధతిలో పదో వంతును కచ్చితంగా రాయడం సాధ్యం కాదు. అందుకే డబ్బు లెక్కలను రూపాయల్లో చిల్లరతో కాకుండా మొత్తం పైసల్లో ఉంచడం మంచి అలవాటు.

షరతులు, అంటే ఇఫ్ వాక్యాలు, తేలికగానే వస్తాయి. ఒక్క మెలిక మాత్రం ఉంది. మార్కులు 35 లేదా ఎక్కువైతే పాస్, 60 లేదా ఎక్కువైతే ఫస్ట్ క్లాస్ అని చూపించాలి. మార్కులు 35 లేదా ఎక్కువా అని ముందు అడిగి, 'కాకపోతే' అంటూ 60 లేదా ఎక్కువా అని తర్వాత అడిగామనుకోండి. 85 వచ్చిన విద్యార్థికి కూడా పాస్ అనే వస్తుంది. మొదటి షరతు నిజమైన వెంటనే యంత్రం మిగతావి చూడదు. పెద్ద హద్దును ముందు అడగాలి. మనుషులు నియమాలన్నీ విని, తగినది ఎంచుకుంటారు. యంత్రం పై నుంచి కిందికి నడుస్తుంది, తలుపు తెరుచుకున్న చోటే లోపలికి వెళ్తుంది.

అసలు ఏరు దాటాల్సింది లూపుల దగ్గర. మూడు బస్తాలకు మూడు వాక్యాలు రాశాం, మూడు వందల బస్తాలకు అలా రాయలేం. 'ప్రతి బస్తాకూ ఈ పని చేయి' అని ఒక్కసారి చెబితే సరిపోయే ఏర్పాటు లూపు. దీనిలో కొత్తవారు చేసే ఒక పొరపాటును జాగ్రత్తగా చూడాలి. మొత్తం = 0 అనే వాక్యాన్ని లూపు బయట, ముందుగా పెట్టాలి. పొరపాటున లోపల పెడితే ఏమవుతుంది? మొదటి చుట్టులో మొత్తం 0, తర్వాత 52. రెండో చుట్టు మొదలవగానే మళ్లీ 0, తర్వాత 48. మూడో చుట్టులో మళ్లీ 0, చివరికి 51. ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, తప్పు అని చెప్పదు, 51 అని నిబ్బరంగా చూపిస్తుంది. పైథాన్‌లో వాక్యం లోపలిదో బయటిదో చెప్పేది దాని ముందున్న ఖాళీయే. నాలుగు ఖాళీలు జరిపి రాస్తే వాక్యం లూపు లోపలిది, జరపకపోతే బయటిది. తెర వైపు ఎంతసేపు చూసినా తప్పు కనిపించదు. కాగితం మీద మూడు చుట్లు నడిపితే రెండో చుట్టులోనే, 52 కొట్టేసి 0 రాయాల్సి వచ్చినప్పుడు, చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

లూపుల్లో లెక్కించే పద్ధతి కూడా మొదట్లో చిరాకు పెడుతుంది. పైథాన్‌లో 1 నుంచి 10 వరకు రేంజ్ (సంఖ్యల వరుసను ఇచ్చే ఆజ్ఞ) అని అడిగితే 1 నుంచి 9 వరకే వస్తాయి. జాబితాలో మొదటి వస్తువు సంఖ్య 0. ఇది మొండితనం కాదు, ఒక సౌకర్యం. సంఖ్య అంటే జాబితా మొదలు నుంచి ఎంత దూరం అని అర్థం, మొదటి వస్తువు దూరం సున్నా. 0 నుంచి 10, 10 నుంచి 20 అని విడగొట్టినప్పుడు 10 అనే సంఖ్య రెండు చోట్లా రాదు, మధ్యలో తప్పిపోదు. డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న నోటులో లెక్క సున్నాతోనే ఎందుకు మొదలవ్వాలో ఇదే దారిలో వాదించారు. అలవాటయ్యేదాకా ఒక నియమం పెట్టుకుంటే సరి: ఏ లూపునైనా మొదటి చుట్టు, చివరి చుట్టు కాగితం మీద నడిపి చూడాలి. మధ్యవి సాధారణంగా వాటి దారిన అవే వస్తాయి.

ఫంక్షన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక పనికి పేరు పెట్టి పక్కన ఉంచుకోవడమే ఫంక్షన్. దీనిలో తప్పకుండా కలిగే గందరగోళం ప్రింట్, రిటర్న్‌ల మధ్య తేడా. ప్రింట్ జవాబును మనిషికి చూపిస్తుంది. రిటర్న్ జవాబును ప్రోగ్రాములోని మిగతా భాగానికి అందిస్తుంది. సగటు లెక్కించే ఫంక్షన్ జవాబును ప్రింట్ మాత్రమే చేస్తే, దాన్ని తీసుకుని మరో లెక్క చేయాలనుకున్న వాక్యానికి అందేది శూన్యమే. పైథాన్ దాన్ని నన్ అంటుంది. తెర మీద సరైన జవాబు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కడుందో వెంటనే తోచదు.

తెర మీద ఎర్ర అక్షరాలు పడగానే కొందరు పిల్లలు ఆ ప్రోగ్రాము విండో మూసేస్తారు. నిజానికి ఆ ఎర్ర అక్షరాలు మేలు చేసేవి. పైథాన్ సందేశాన్ని కింది వరుస నుంచి చదవాలి. తప్పు రకం, కారణం అక్కడే ఉంటాయి, ఆ పైన వరుస సంఖ్య ఉంటుంది. నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరు యంత్రానికి తెలియదు, చాలాసార్లు అక్షరం తేడా పడి ఉంటుంది. టైప్‌ఎర్రర్ అంటే అంకెతో రాతను కలపడం వంటిది. సీలో వాక్యం చివర సెమీకోలన్ మరిచిపోతే ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ తరచుగా తర్వాతి వరుసను చూపిస్తుంది, కాబట్టి పై వరుసను కూడా చూడాలి. నిజంగా భయపడాల్సింది ఏ సందేశమూ రాని తప్పుకు, ఇందాక 51 అని చూపించిన లూపు లాంటిదానికి.

ఇక్కడ మన చదువు పద్ధతి గురించి ఒక మాట అనక తప్పదు. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాములు అందంగా ఎక్కించి, ఫిబొనాచీ, ప్రధాన సంఖ్యలు, పాలిండ్రోమ్ (ఎటు చదివినా ఒకటిగా ఉండే మాట) అంటూ పరీక్షకు బట్టీ పట్టడం ఏళ్లుగా నడుస్తోంది. మార్కులు వస్తాయి. రెండు వాక్యాలు మార్చి ఇస్తే మాత్రం కలం కదలదు. ఇప్పుడు అడిగిన వెంటనే ప్రోగ్రాము రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలు ఫోనులోనే ఉన్నాయి. ఎక్కించడం మరింత సులువైంది, కాబట్టి చదివి నడపగలగడం మరింత అవసరమైంది. అవి రాసిచ్చినదాన్ని కూడా అదే పట్టికలో నడపాలి. నడిపించే ముందు జవాబు ఏమి వస్తుందో కాగితం మీద రాసుకుని, తర్వాత సరిచూసుకోవాలి. ఊహ తప్పినప్పుడు ఏ వరుస దగ్గర తప్పిందో వెతకడమే అసలైన పాఠం. ఇందుకు సాయపడే ఉచిత సాధనాలు కూడా ఉన్నాయి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పుట్టిన థానీ అనే, ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్, పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైటు ఒక్కో వాక్యం నడిపిస్తూ, ప్రతి పేరు కింద ఉన్న విలువను కళ్లకు కట్టిస్తాయి. కాగితం తర్వాత వాటిని చూడడం మంచిది, ముందు కాదు.

ఇంతవరకు వచ్చినవారికి మన భాషలోనే ఒక చక్కటి సవాలు ఉంది. పాలిండ్రోమ్ ప్రోగ్రాము అందరి రికార్డులోనూ ఉంటుంది: మాటను తిప్పి రాసి, అసలుదానితో పోల్చడం. దానికి 'జలజ' ఇవ్వండి, అవును పాలిండ్రోమే అంటుంది. తెలుగువాళ్లకు తెనాలి రామకృష్ణుడితో పాటు గుర్తొచ్చే 'వికటకవి' ఇవ్వండి, కాదంటుంది. అటు చదివినా ఇటు చదివినా ఒకటిగా ఉండే మాటను ఎందుకు కాదంది?

అక్షరాల సంఖ్య అడిగితే గుట్టు తెలుస్తుంది. పైథాన్ లెక్కలో కడప పొడవు 3, అనంతపురం పొడవు 8, మన కంటికి మూడే అక్షరాలున్న కర్నూలు పొడవు 7. కంప్యూటర్లో ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా ఉంటాయి. 'వి' అంటే వకారం, దాని వెనుక గుడి, మొత్తం రెండు సంకేతాలు. మాటను తిప్పినప్పుడు గుడి ముందుకు, వకారం వెనక్కి వెళ్లి, మాట చెదిరిపోతుంది. 'జలజ'లో గుర్తులు లేవు కనుక అది నిలబడింది.

సరిచేయడానికి పైన చూసిన వాటికి మించి ఏమీ అక్కర్లేదు. ఒక ఖాళీ జాబితాతో మొదలుపెట్టి, లూపులో ఒక్కో సంకేతాన్ని తీసుకోవాలి. అది గుణింతపు గుర్తో, సున్నానో, పొల్లో అయితే జాబితాలోని చివరి ముక్కకు అతికించాలి. చివరి ముక్క పొల్లుతో ముగిసి ఉంటే, వచ్చిన హల్లును కూడా దానికే అతికించాలి, ఒత్తులు అలా ఏర్పడతాయి. రెండూ కాకపోతే కొత్త ముక్కగా చేర్చాలి. కాగితం మీద నడిపితే, వికటకవి ఏడు చుట్లలో వి, క, ట, క, వి అనే అయిదు ముక్కలవుతుంది. కర్నూలు కూడా ఏడు చుట్లే, క, ర్నూ, లు అనే మూడు ముక్కలు. ఇక తిప్పాల్సింది సంకేతాలను కాదు, ఈ ముక్కల వరుసను.